ఒక జతకు ఒక్కసారే

బుధవారం సాయంత్రం నాలుగింటికి నా సెల్లు మోగుతుంది. మిగతా రోజుల్లో మోగదు. ఎప్పుడైనా మోగితే అది తప్పు నంబరు. వాళ్ళు వెంటనే పెట్టేస్తారు. ఇంకాసేపు ఉంటే వీళ్ళ సొమ్మేం పోయింది అనుకునేవాణ్ణి.

ఈ బుధవారం ఏర్పాటు మా మేనకోడలిది. ముసలివాళ్ళ సహాయ కేంద్రంలో దాని ఉద్యోగం. అక్కడి కంప్యూటరు పని మొత్తం అదే చూస్తుంది. చిన్నప్పుడు దాని నోరు మూతపడేది కాదు కనుక ఇంట్లో అందరం రేడియో అనేవాళ్ళం. ఇప్పుడు దాని తల సగం నెరిసింది. అయినా నాకు అది రేడియోనే.

నేను తాపీమేస్త్రీని. పని మానేసి చాలాకాలమైంది. మా ఆవిడ పోయాక మూడో అంతస్తులో ఒక గదిలో ఉంటున్నాను. ఒక మంచం, ఒక స్టవ్వు, కిటికీ దగ్గర కుర్చీ. కిటికీలోంచి చూస్తే ఎదురు మేడ వెనకగోడ కనిపిస్తుంది. ఆ గోడ కట్టినవాడు మట్టం చూసుకోలేదు, వంకరగా లేచింది. రోజూ దాన్నే చూస్తాను, కోపం వస్తుంది, కాసేపు పొద్దుపోతుంది.

మాట్లాడటం మా ఇంట్లో మా ఆవిడ పని. నా వాటా కూడా ఆవిడే మాట్లాడేది. ఎవరైనా నన్ను ఏదన్నా అడిగితే నేను ఆవిడ వైపు చూసేవాణ్ణి, ఆవిడ చెప్పేది. అన్నాలయ్యాక ఇద్దరం ఏమీ అనకుండా కూర్చునేవాళ్ళం. అప్పుడూ ఇంట్లో చప్పుడు ఉండేది కాదు. కానీ ఆ చప్పుడు లేకపోవడం వేరు. ఇప్పుడు అదే కుర్చీలో కూర్చుంటే చెవుల్లో గుయ్యిమంటుంది.

ఒక ఆదివారం రేడియో వచ్చి మంచం మీద కూర్చుని అడిగింది.

"మామయ్యా, ఈ వారంలో ఎవరితో మాట్లాడావు?"

ఆలోచించాను. "పాలవాడితో."

"ఏమన్నావు?"

"ఒక ప్యాకెట్టు అన్నాను."

"ఇంకా?"

"అంతే. వాడికి అది చాలు."

"నీ నోట్లో ఎవరో సిమెంటు పోసి గట్టిపడనిచ్చారు, మామయ్యా. అత్త ఉన్నన్నాళ్ళూ చెల్లింది. ఇక చెల్లదు." అని సంచిలోంచి పెద్ద బొత్తాలున్న సెల్లు తీసి నా చేతిలో పెట్టింది. "నీ నంబరు యాభై ఎనిమిది. పేర్లు ఉండవు. బుధవారం నాలుగింటికి మిషను నిన్ను ఇంకో ముసలాయనతోనో ముసలావిడతోనో కలుపుతుంది. పావుగంట మాట్లాడుకోండి. తర్వాత అదే కట్ అయిపోతుంది."

"ఏం మాట్లాడాలి?"

"అది కూడా నేనే చెప్పాలా?"

రెండు షరతులు చెప్పింది. ఫోను నంబర్లు, ఇంటి చిరునామాలు ఒకరికొకరు ఇచ్చుకోకూడదు. అలా ఇచ్చుకుని ఇంతకుముందు ఒకావిడ మోసపోయిందట. రెండోది, ఒక జతకు ఒక్కసారే. ఎవరితో ఒకసారి మాట్లాడామో మళ్ళీ వాళ్ళు రారు.

"అదెందుకు?" అన్నాను.

"మొదట్లో ఇలా ఉండేది కాదు. బాగా మాట్లాడేవాళ్ళు బాగా మాట్లాడేవాళ్ళనే పట్టుకుని కూర్చున్నారు. మిగతావాళ్ళ ఫోన్లు మోగేవి కావు. ఒకావిడ కోసం ఇద్దరు పెద్దమనుషులు కేంద్రానికొచ్చి కుర్చీలెత్తారు. ఒకాయనకి పళ్ళసెట్టు ఊడి కింద పడింది, దాన్ని ఇంకొకాయన తొక్కాడు. అది బాగుచేయించేసరికి మా తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడు నేను ఈ నియమం పెట్టాను."

దాని మాట కాదనలేక ఒప్పుకున్నాను.

మొదటి బుధవారం ఒక బస్సు కండక్టరు దొరికాడు. పని మానేసి ఎన్నాళ్ళయిందో గానీ గొంతులో ఇంకా బస్సే ఉంది. "ముందుకు జరగండి, చెప్పండి, ఎక్కడినుంచి, ఎక్కడిదాకా" అన్నట్టు ప్రశ్న మీద ప్రశ్న. నేను ఒకదానికి జవాబు ఆలోచించేలోపు మూడు అడిగాడు. తర్వాతి వారం ఒక బడిపంతులు. నేను అన్న రెండు మాటల్లో ఒకదాన్ని సరిదిద్దారు. ఆ తర్వాత ఒకాయన తన కడుపులో గ్యాసు ఎటునుంచి ఎటు తిరుగుతుందో దారి మొత్తం చెప్పాడు. పావుగంటా ఊ కొట్టాను. లైను పోయాక చెయ్యి నొప్పిపుట్టింది.

చెడ్డవాళ్ళు కారు. వాళ్ళకి మాట్లాడే మనిషి కావాలి. నాకు ఏం కావాలో నాకే తెలియదు. అది ముప్పై ఒకటో నంబరావిడ దొరికిన రోజున తెలిసింది.

ఆ బుధవారం కూడా ముందు రేడియో గొంతే వినబడింది. "మీకు జత దొరికింది, మాట్లాడండి" అని అది ముందే చెప్పి పెట్టిన మాట. తర్వాత ఒక ఆడమనిషి గొంతు.

"ముప్పై ఒకటండీ."

"యాభై ఎనిమిది," అన్నాను.

తర్వాత ఇద్దరం ఆగాం. అటువైపు కరకరమని ఏదో కోస్తున్న చప్పుడు. కాసేపటికి ఆవిడే అంది.

"మీరు ఎక్కువ మాట్లాడరా?"

"మాట్లాడనమ్మా."

"హమ్మయ్య. పోయిన వారం దొరికినాయన వాళ్ళావిడ ఆపరేషను మొదలుపెట్టి, కుట్లు విప్పేదాకా నన్ను వదల్లేదు. మాట్లాడకపోతే ఫోను పెట్టేస్తారా మీరు?"

"పెట్టను."

"అయితే అలా పక్కన పెట్టుకోండి. నేను ఒక చొక్కాకి చేతులు కత్తిరించాలి. సాయంత్రానికి ఇచ్చెయ్యాలి."

ఆవిడ కుట్టుపని చేస్తుంది. ఇంకా చేస్తూనే ఉంది. కత్తెర ఆగింది, కుట్టుమిషను మొదలైంది. కాసేపు తిరిగి ఆగేది, దారం తెంపుతున్నట్టు చిన్న చప్పుడు, మళ్ళీ తిరిగేది. నేను సెల్లు బల్ల మీద పెట్టి స్టవ్వు వెలిగించి టీ పెట్టుకున్నాను. గ్లాసులో చెంచా తిప్పుతుంటే అటునుంచి గొంతు వచ్చింది.

"టీనా?"

"టీ."

"అంతసేపు తిప్పుతున్నారంటే పంచదార దిబ్బ పోసుకున్నట్టున్నారు. షుగరు లేదా మీకు?"

"ఉంది."

"భలేవారే!" అని నవ్వింది. నవ్వుతూనే మిషను తొక్కింది.

కుర్చీలో కూర్చుని టీ తాగాను. ఎదురుగోడ వైపు చూడలేదు. చెవుల్లో గుయ్యిమనడం లేదు. మా ఆవిడ పోయాక ఆ గదిలో ఇద్దరు మనుషులు ఉన్నట్టు అనిపించింది అదే మొదటిసారి.

పావుగంట అయిపోవస్తుందనగా ఆవిడ అడిగింది. "ఇంతకీ మీరు ఏం పని చేసేవారు?"

"తాపీపని."

"అయ్యో, ముందే చెప్పరేం? మా గదిలో ఒక గోడ చెమటలు కక్కుతోందండీ. దాన్ని ఆనుకుని గుడ్డలు పెడితే బూజు పట్టేస్తున్నాయి. ఒక మేస్త్రీని పిలిస్తే గోడంతా పగలగొట్టాలన్నాడు. నిజంగా అంతా పగలగొట్టాలంటారా?"

నేను చూడని గోడ గురించి వెంటనే చెప్పను. చెమ్మ కిందనుంచి ఎక్కుతోందా, పైనుంచి దిగుతోందా, ఆ గోడ వెనకాల ఏముంది, ఇవన్నీ తెలియాలి. ఏది ముందు అడగాలా అని ఆలోచిస్తున్నాను. లైను పోయింది.

మర్నాడు ఏం అడగాలో వరసగా పెట్టుకున్నాను. పళ్ళు తోముకుంటూ ఒకసారి పైకి అనుకున్నాను కూడా. అడగడానికి మనిషి లేదు.

తర్వాతి బుధవారం ఎవరో వచ్చారు. ఆ తర్వాత ఇంకెవరో. రేడియో ఆదివారం వచ్చినప్పుడు నెమ్మదిగా అడిగాను.

"ఆ ముప్పై ఒకటి మళ్ళీ రాదా?"

అది నా వంక కొత్తగా చూసింది. "రాదు మామయ్యా. చెప్పానుగా, ఒక జతకు ఒక్కసారే. ఏమన్నా చెప్పాలా? నాతో చెప్పు, నేను కేంద్రం నుంచి ఫోను చేసి చెప్తాను."

"ఏం లేదు."

అది ఒకరితో చెప్పి పంపే మాట కాదు. ఆవిడ ఒకటి చెప్పాలి, దాన్నిబట్టి నేను ఒకటి అడగాలి. గోడ సంగతులు అలాగే తేలతాయి. అయినా నిజం చెప్పాలంటే గోడ ఒక్కటే కాదు.

"ఆవిడ నంబరు ఇవ్వవా పోనీ?"

"నా ఉద్యోగం ఊడుతుంది. ఊడాక నేనూ బుధవారం బుధవారం నీతోనే మాట్లాడాలి. నీకు ఇష్టమేనా?"

వద్దన్నాను.

చాలా వారాలు గడిచాయి. ఎవరొచ్చినా ఊ కొడుతూ అటువైపు చప్పుళ్ళు వినేవాణ్ణి. ఒకరింట్లో గడియారం, ఒకరింట్లో టీవీ, ఒకరింట్లో కోడలు గిన్నెలు ఎత్తిపడేయడం. కుట్టుమిషను మాత్రం లేదు. ఇక నేను ఆశ పెట్టుకోలేదు. నాలుగింటికి కుర్చీలో కూర్చునేవాణ్ణి, అంతే.

ఒక బుధవారం ఫోను ఎత్తి "యాభై ఎనిమిది" అన్నాను.

"నాకు తెలుసు," అంది అటునుంచి. "ఊపిరి తీసుకుని ఆగి చెప్పారుగా, అప్పుడే తెలిసింది. ముప్పై ఒకటండీ. నియమం అన్నారే, మళ్ళీ ఎలా కలిపారు?"

"తెలియదమ్మా," అన్నాను. ఈసారి పావుగంట వృథా చేయదలుచుకోలేదు. "గోడ ఎలా ఉంది?"

"అలాగే ఏడుస్తోంది."

"చెమ్మ కిందా పైనా?"

"మధ్యలో. నా భుజం ఎత్తున."

"వెనకాల ఏముంది?"

"పక్కింటివాళ్ళ స్నానాల గది."

"కత్తెర వెనకభాగంతో తట్టండి. సెల్లు గోడకి దగ్గరగా పెట్టండి. కిందనుంచి పైకి."

ఆవిడ లేచింది. కుర్చీ కిర్రుమంది. తర్వాత టక్, టక్, టక్. నేను కళ్ళు మూసుకున్నాను. ఇటుక మీద పూత గట్టిగా ఉంటే ఒక చప్పుడు, ఊడి లోపల ఖాళీ ఉంటే ఇంకొకటి. ఇది ప్రతి మేస్త్రీకీ తెలిసిందే. కానీ ఫోనులో ఎప్పుడూ వినలేదు. కొంచెం పైకి, కొంచెం ఎడమకి అంటూ వెళ్ళాను. ఆవిడ నేను చెప్పినచోటల్లా తట్టింది. ఒకచోట చప్పుడు లోతుగా వచ్చింది.

"అక్కడ ఆగండి. డొల్ల అది. చుట్టూ తట్టండి."

తట్టింది. అన్నం పళ్ళెమంత మేర డొల్ల.

"అంతే పగలగొట్టమనండి. లోపల పైపు అతుకు కారుతోంది. గోడంతా అక్కర్లేదు."

"అంతేనా!" అంది. "వాడి దుంప తెగ, గోడంతా అన్నాడు. ఉండండి, సుద్దతో గీసుకుంటాను." గీస్తున్న చప్పుడు కూడా వినబడింది. "సున్నా చుట్టాను మేస్త్రీగారూ. చొక్కాకి జేబు గుర్తు పెట్టినట్టుంది." నవ్వింది. నేనూ నవ్వాను. నా నవ్వు నాకే వింతగా వినబడింది.

తర్వాత ఇద్దరం కాసేపు ఊరికే ఉన్నాం. ఆవిడ మిషను దగ్గరికి పోయి కూర్చుంది. నేను టీ పెట్టుకున్నాను. ఆవిడ ఈసారి పంచదార గురించి ఏమీ అనలేదు.

"పైపు బాగయ్యాక పూత ఎప్పుడు వెయ్యాలి?" అని అడిగింది ఆఖర్న.

"అది వచ్చేసారి చెప్తాను," అన్నాను. ఎందుకలా అన్నానో నాకు తెలుసు. ఒక వారం ఆరనిచ్చి వెయ్యమ్మా అంటే అయిపోయేది. అంటే ఇక మాట మిగలదు. ఆవిడ "అలాగే" అంది. లైను పోయింది.

ఆదివారం రేడియో వచ్చింది. నేను దాని కోసం టీ కలుపుతూ, అడగకుండానే చెప్పాను.

"ఆవిడ మళ్ళీ వచ్చింది."

"ఏ ఆవిడ?"

"ముప్పై ఒకటి."

అది గ్లాసు అందుకోలేదు. "ఎలా వస్తుంది మామయ్యా? రాకూడదే. నువ్వు కలగన్నావేమో."

"గోడ కూడా తట్టించాను."

అది వెంటనే సంచిలోంచి తన కంప్యూటరు తీసి మంచం మీద పెట్టుకుంది. చాలాసేపు మాట్లాడలేదు. రేడియో ఆగిపోయిందంటే ఏదో పెద్దదే జరిగిందని నాకు అర్థమైంది. చెప్పకుండా ఉండాల్సిందనీ అప్పుడే అర్థమైంది. ఏళ్ళ తరబడి ఎవరికీ ఏదీ చెప్పనివాణ్ణి, చెప్పక చెప్పక దీన్నే చెప్పాను.

"ఇలా రా," అంది. పక్కన కూర్చున్నాను. తెర మీద పక్కపక్కనే రెండు గడులు, కింద వరసలు. "చూడు. ఎడమ గడిలో మిషను మొదట ఎవరికి చేసిందో వాళ్ళ నంబరు. కుడి గడిలో తర్వాత ఎవరికి చేసిందో వాళ్ళది. రెండు గడులూ కలిపి చూడు, అదే జత మళ్ళీ వస్తే తీసుకోకు అని కంప్యూటరుకి చెప్పాను. మొదటిసారి ఆవిడ ఎడమ, నువ్వు కుడి. ముప్పై ఒకటి, యాభై ఎనిమిది. ఈసారి?"

"నేను ఎడమా?"

"నువ్వు ఎడమ, ఆవిడ కుడి. యాభై ఎనిమిది, ముప్పై ఒకటి. నీకూ నాకూ అది అదే జత. దీనికి కాదు. తారుమారు చేస్తే కొత్త జత అనుకుంది వెధవది. వెధవది అంటున్నా గానీ చెప్పింది నేనే. ఎలా చెబితే అలా విన్నది."

"ఇంకా ఉన్నాయా ఇలా?"

"ఉన్నాయి కొన్ని. ఎవరూ చెప్పలేదు. చెప్తే ఆపేస్తారని కాబోలు, హాయిగా నోరు మూసుకున్నారు. నువ్వొక్కడివే చెప్పావు." అని నవ్వబోయి నా మొహం చూసి ఆగింది.

మందు సులువేనట. చిన్న నంబరు ఎప్పుడూ ఎడమ గడిలోనే ఉండాలి, పెద్దది కుడి గడిలో. అలా పెడితే తారుమారు అయ్యే పని ఉండదు. అది ఏదో కొట్టింది. కంప్యూటరు ఎర్రక్షరాలు చూపించి మొండికేసింది.

"ఎందుకు ఒప్పుకోదు?"

"ఇప్పటికే ఒకే జత రెండుసార్లు ఉంటే నియమం ఎలా పెట్టనూ అంటోంది. న్యాయమే. రెండింట్లో ఒకటి తీసేస్తేగానీ ఒప్పుకోదు. మిగతావాళ్ళవి తర్వాతది తీసేస్తాను. నీ సంగతి..." నా మోకాలి మీద చెయ్యి వేసింది. గొంతు తగ్గించింది, మేమిద్దరం తప్ప గదిలో ఎవరూ లేకపోయినా. "మామయ్యా, రెండూ తీసేస్తే మీరిద్దరూ అసలు మాట్లాడుకోనట్టే. అప్పుడు మిషను మిమ్మల్ని ఇంకొక్కసారి కలుపుతుంది. నేను చెప్పలేదు, నువ్వు వినలేదు."

"తీసెయ్," అన్నాను.

ఇంత తొందరగా నేను దేనికీ జవాబు చెప్పి ఉండను. అది నవ్వి బుధవారం నాటి పేజీ తెరిచింది. వేలు పైకెత్తి, అలాగే ఆపింది.

"ఏంటి?"

"ఏం లేదు."

"ఏంటే?"

"ఆ రోజు మొత్తం మీద బేసి మంది ఉన్నారు. ఒకరు మిగలాలి. కొత్తగా చేరినాయన ఒకరున్నారు, డెబ్భై రెండు. ఆవిడకి ఆయన రావాలి. నువ్వు చాలామందితో మాట్లాడేశావు కాబట్టి ఆ వారం మిగలాల్సింది నువ్వు. నువ్వు అడ్డదారిన ఆవిడతో కలిశావు, ఆయన మిగిలిపోయాడు. ఆయన సాయంత్రం కేంద్రానికి ఫోను చేశాడు, నేనే ఎత్తాను. 'మా ఫోను పాడైందా అమ్మా, కాస్త చూస్తావా' అన్నాడు. బాగానే ఉంది తాతగారూ, వచ్చే వారం వస్తుందన్నాను. నాకేం తెలుసు ఇదని."

దాని వేలు ఇంకా గాల్లోనే ఉంది. నాలుగింటికి ఫోను ముందు కూర్చుని అది మోగకపోతే ఎలా ఉంటుందో ఆలోచిస్తున్నాను. ఆలోచించనక్కర్లేదు, తెలుసు. నాకు వారంలో ఆరు రోజులు అదే పని.

"ఇవాళ ఏదీ తియ్యకు," అన్నాను.

"మంగళవారానికల్లా తేల్చాలి, లేకపోతే ఈ బుధవారం మళ్ళీ ఇలాగే అవుతుంది. అయినా జత అన్నాక ఇద్దరిదీ కదా. రేపు కేంద్రం నుంచి ఆవిడనీ అడుగుతాను. నేను చేస్తే తప్పులేదు."

ఆ మాట నాకు నచ్చింది. ఆవిడ ఏమంటుందో నాకు తెలుసు అనుకున్నాను. ఆ రోజంతా ఎదురుగోడని చూసినా కోపం రాలేదు.

సోమవారం మధ్యాహ్నం రేడియో ఫోను చేసింది. సోమవారం నా సెల్లు మోగడం వింతగా ఉంది.

"అడిగాను మామయ్యా."

"ఏమంది?"

"ఎవరు, ఆ మేస్త్రీగారా, చాలా మంచాయన అంది. నువ్వు చెప్పినచోటే పైపు కారుతోందట. శనివారమే బాగుచేయించిందట. నీకు వెయ్యి దండాలు చెప్పమంది."

"ఇంకా?"

"పూత కూడా వేయించేసిందట. పని అయిపోయిందంది."

"ఏది తియ్యాలని అడిగావా?"

అది కాస్త ఆగింది. దాని నోటికి ఆగడం అలవాటు లేదు. "అడిగాను. ఏది తీసినా ఒకటేనమ్మా, మీ లెక్కకి ఎలా కుదిరితే అలా చెయ్యండి అంది. ఎవరో కొలతలివ్వడానికి వచ్చారట, తొందరలో ఉంది."

నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. కింద సందులో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు, అది అందుకోవడం లేదు.

ఆవిడ తప్పేమీ లేదు. గోడ బాగుచేయమని అడిగింది, బాగయింది. పని అయిపోయాక మేస్త్రీని ఇంట్లో ఉంచుకోరు. నేను కట్టిన ఇళ్ళన్నిట్లో ఎవరన్నా నన్ను మళ్ళీ పిలిచి కూర్చోబెట్టారా? ఎవరూ లేరు. నేనూ అనుకోలేదు ఎప్పుడూ.

"మామయ్యా, ఉన్నావా? నువ్వు ఊ అంటే రెండూ తీసేస్తాను. ఆవిడ కాదనలేదుగా."

"పూత తడిమీద వేశారు," అన్నాను. "ఆ తడి లోపలే ఉండిపోతుంది. కొన్నాళ్ళకి ఉబ్బి ఊడుతుంది. ఊడినప్పుడు కంగారుపడొద్దని చెప్పు. ఊడినంతమేర గీకించి, వారం ఆరనిచ్చి, అప్పుడు వెయ్యమని చెప్పు. ఫ్యాను పెడితే ఇంకా మంచిది. నేను ఆ రోజే చెప్పాల్సింది."

"అబ్బో, ఇంత పొడుగు మాట నీ నోట ఎప్పుడు విన్నానో! చెప్తాను. మరి ఇది?"

"ఒకటి ఉంచు."

"ఏది?"

"మొదటిది. అది నాది. రెండోది ఆ డెబ్భై రెండు ఆయనది."

బొత్తాలు కొట్టిన చప్పుడు వినబడింది. కాసేపటికి, "ఒప్పుకుంది," అంది. కంప్యూటరు సంగతి.

బుధవారం మధ్యాహ్నం నాకు నిద్ర పట్టలేదు. సెల్లు బల్ల మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాను. ఈ వారం నేను మిగలాలేమో అని కూడా అనుకున్నాను, అదీ న్యాయమే. నాలుగింటికి మోగింది. "మీకు జత దొరికింది" అంది రేడియో గొంతు.

"హలో! హలో! వినబడుతోందా అండీ? ఎవరన్నా ఉన్నారా?"

"ఉన్నాను. యాభై ఎనిమిది."

"అమ్మయ్యా! డెబ్భై రెండండీ నేను. పోయిన బుధవారం మోగలేదండీ ఈ దిక్కుమాలింది. రెండున్నరకే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నా. ఫోనులో కనబడతామా ఏంటి, అయినా వేసుకున్నా. మా పక్కింటివాడు కిటికీలోంచి చూసి ఎక్కడికండీ ప్రయాణం అన్నాడు. ఎక్కడికీ కాదు, ఫోనుకి అన్నా. నవ్వాడు. చీకటిపడేదాకా చొక్కా విప్పలేదండీ, ఎందుకో విప్పబుద్ధి కాలేదు."

"తెలుసు," అన్నాను.

"మీకెలా తెలుసు?"

"మా మేనకోడలు అక్కడే పని చేస్తుంది." అంతవరకే చెప్పాను. మిగతాది గొంతులోకి వచ్చింది గానీ బయటికి రాలేదు. "ఇవాళ కూడా వేసుకున్నారా చొక్కా?"

"ఇవాళ ఇంకోటండీ. నీలం గళ్ళది."

ఆయన ఒక పెద్ద ఆఫీసులో లిఫ్టు నడిపేవాడట. బతుకంతా ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు. "ఎవరితోనూ పూర్తిగా మాట్లాడలేదండీ నేను. ఒకాయన తన కూతురి పెళ్ళి సంగతి మొదలుపెడితే నాలుగో అంతస్తులో దిగిపోయేవాడు. మిగతాది మర్నాడు చెప్పేవాడు. ముహూర్తం తెలిసేసరికి పెళ్ళయిపోయింది." అని తనే నవ్వాడు. నేనూ నవ్వాను. మొహమాటానికి కాదు.

మిషను మొరాయిస్తే లిఫ్టు ఎలా ఆపాలో, తలుపు ఇరుక్కుంటే ఎక్కడ తన్నాలో చెప్పాడు. నేను ఊ కొట్టాను. ఈసారి చెయ్యి నొప్పిపుట్టలేదు. మధ్యలో ఆయన, "నేనే వాగుతున్నాను, మీరు చెప్పండి" అన్నాడు. ఎదురుగోడ గురించి చెప్పాను. మట్టం చూసుకోకుండా కట్టాడు, రోజూ చూసి తిట్టుకుంటాను అన్నాను. ఆయనకి అది ఎంతో నచ్చింది. ఎంత వంకర, ఎటువైపు వంకర, పడిపోతుందా అని అడిగాడు. పడదు, నాకంటే ఎక్కువే ఉంటుంది అన్నాను.

"బాగుందండీ," అన్నాడు. "ఏదో ఒక అంతస్తులో దిగిపోకుండా మాట్లాడే మనిషి దొరకడం. వచ్చే బుధవారం ఆ గోడ ఎలా ఉందో చెబుదురుగాని. వచ్చే బుధవారం ఇదే టైముకేగా?"

ఆయనకి నియమం ఎవరో చెప్పే ఉంటారు. వినలేదో, మరిచిపోయాడో. నేను బల్ల మీది చిన్న గడియారం వైపు చూశాను. ఇంక కొద్ది క్షణాలే ఉన్నాయి.

"ఇదే టైముకి," అన్నాను. "చొక్కా వేసుకుని కూర్చోండి. తప్పకుండా మోగుతుంది."

ఎవరు మాట్లాడతారన్నది నేను చెప్పలేదు. ఆయన "ఉంటానండీ మరి" అంటున్నాడు. లైను పోయింది.